తెలుగులో సెప్పు, తంబీ

మొన్న పాయా లేబర్ స్టేషన్‌లో రైలు మారుతుంటే ఒక పెద్దావిడ నా పక్కనుంచి వెళ్ళింది. మనిషిని సరిగ్గా చూడలేదు గానీ వాసన ముక్కుకు తగిలింది. తలనొప్పికి రాసుకునే ఆకుపచ్చ నూనె, దానితో కలిసిన కొబ్బరినూనె, ఎండలో ఆరిన నూలుబట్ట. ఎస్కలేటర్ దిగగానే అక్కడే ఆగిపోయి వెనక్కి తిరిగి చూశాను. నా వెనకున్నాయన విసుక్కుంటూ తప్పుకుని వెళ్ళాడు. యాభై దాటిన మనిషిని, అయినా ఆ వాసన తగిలితే నాకు ముందు చిరాకు పుడుతుంది. ఇప్పుడు నన్ను ఎవరో రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోతారని అనిపిస్తుంది. నరసమ్మ ఆంటీ నన్ను లాక్కుపోవడం మానేసి చాలా ఏళ్ళయింది. ఈ చిరాకు మాత్రం నన్ను వదల్లేదు, వదలాలని నాకూ లేదు.

ఆవిడ పూర్తిపేరు అప్పలనరసమ్మ. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలయాలోని రబ్బరు తోటలకు కూలికి వచ్చారట. ఆవిడ అక్కడే పుట్టి, పెళ్ళయ్యాక సింగపూర్ చేరింది. భర్త తంజోంగ్ పగార్ హార్బర్‌లో క్రేన్ నడిపేవారు. నేను వెళ్ళేనాటికే ఆయన పోయారు, పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని వేరే ఫ్లాట్లకు వెళ్ళారు. హౌగాంగ్‌లోని ఆ పాత ఫ్లాట్‌లో ఒక గదిని ఆవిడ నాకు అద్దెకిచ్చింది. ఆవిడ తెలుగు తాతగారితో పాటు ఓడెక్కి వచ్చిన తెలుగు. దారిలో తమిళాన్నీ మలాయినీ కలుపుకుంది. భోజనం అయిందా అని అడగడానికి "మకాన్ ఐనాదేటి, తంబీ?" అనేది. తెనాలి వైపు నుంచి వచ్చిన నాకు మొదట్లో సగం మాటలు అర్థమయ్యేవి కావు. అర్థమైన మిగతా సగం ప్రశ్నలు. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఏం తిన్నావు, ఎందుకు తినలేదు. ఆఫీసులో రోజంతా తల వాచేలా పనిచేసి ఇంటికొస్తే, చెప్పులు విప్పకముందే విచారణ మొదలయ్యేది.

అది కంప్యూటర్ తెలిసిన ప్రతివాడినీ విమానమెక్కించి తెచ్చుకుంటున్న కాలం. కొత్త శతాబ్దం వస్తే బ్యాంకుల పాత ప్రోగ్రాములన్నీ తేదీలు మర్చిపోతాయని ప్రపంచం హడలిపోతోంది. ఆ తేదీలు సరిచేయడానికి వచ్చినవాళ్ళలో నేనొకణ్ణి. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు. హౌగాంగ్‌కి అప్పట్లో రైలు లేదు, పాయా లేబర్ దాకా బస్సు, అక్కడినుంచి రైలు. వచ్చిన కొన్నాళ్ళకే నా మెడ లావెక్కడం మొదలైంది. ముందు చొక్కా పైగుండీ పట్టడం మానేసింది. తర్వాత టై. అద్దంలో చూసుకుంటే గొంతు కింద రెండువైపులా వాపు. మెడలో ఎవరో గుడ్డ చుట్టి లోపల పెట్టి కుట్టేసినట్టుండేది.

వాపుతో పాటు మిగతావన్నీ వచ్చాయి. ఆఫీసంతా స్వెటర్లు వేసుకుని వణుకుతుంటే నాకు చెమటలు. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది. మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికేది. కుంభాలకు కుంభాలు తిన్నా చిక్కిపోతున్నాను. ఇక కోపం సంగతి చెప్పక్కర్లేదు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే దాన్ని తన్నేదాకా వెళ్ళాను. తోటి తెలుగువాళ్ళు ఒకరికొకరు సైగలు చేసుకునేవారు. ఒకాయన నన్ను పక్కకు పిలిచి, థైరాయిడ్ ఆడవాళ్ళ జబ్బు కదా, నీకెలా వచ్చిందని రహస్యంగా అడిగాడు. నేనేదో కావాలని తెచ్చుకున్నట్టు!

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదని ఇప్పటివాళ్ళు అడుగుతారు. మాలో ఎవరికీ సింగపూర్‌లో జబ్బు చేసేది కాదు. జబ్బులన్నీ దాచుకుని లీవులో ఊరికి పట్టుకెళ్ళేవాళ్ళం. పుచ్చిన పన్నయినా, నడుంనొప్పయినా, కళ్ళజోడయినా, అన్నీ ఇండియా ట్రిప్పుకే. ఈలోగా ఫోనులో వైద్యం. ప్రతి కుటుంబంలోనూ ఒక డాక్టరుండేవాడు. మా పెదనాన్నగారి పెద్దబ్బాయి ఎముకల డాక్టరు. మా అమ్మ చెప్పింది విని అన్నయ్య, మెడ వాచిందంటే థైరాయిడ్ తగ్గినట్టేనని ఫోనులోనే తేల్చేసి మాత్రలు రాశాడు. ఎవరో సింగపూర్ వస్తుంటే, గోంగూర పచ్చడి సీసాతో పాటు ఆ మాత్రలు కూడా వాళ్ళ పెట్టెలో కూర్చున్నాయి. రక్తపరీక్ష అన్న మాట ఎవరి నోటా రాలేదు. నేను పొద్దున్నే భక్తిగా మింగేవాణ్ణి. దడ ఇంకా పెరిగింది. మందు పనిచేస్తున్నట్టుందిలే అనుకున్నాను.

ఇంతలో అమ్మ నా లీవుకి కార్యక్రమం తయారుచేసింది. దిగగానే పళ్ళ డాక్టరు, తర్వాత అన్నయ్యకు తెలిసిన నర్సింగ్ హోములో మెడకి ఆపరేషన్, కట్టు విప్పగానే పెళ్ళిచూపులు, ఆ తర్వాత తిరుపతి మొక్కు. గుండు పెళ్ళిచూపుల కంటే ముందు పడకూడదని మా నాన్న పట్టుబట్టారు. ఆపరేషన్ గురించి మాత్రం ఎవరికీ ఏ పట్టుదలా లేదు. అమ్మాయి వాళ్ళు వచ్చేసరికి మెడ సన్నబడితే చాలు. నాకూ అది సబబుగానే తోచింది. ఒకే టికెట్‌తో అన్ని పనులూ అయిపోతాయి కదా.

ఆంటీ ఇదంతా చెడగొట్టింది. ఒకరోజు నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని నా గొంతుకేసి గుడ్లప్పగించి చూస్తోంది. "గుటక ఏసినప్పుడల్లా నీ గొంతుకలో ఏటో ఎక్కి దిగతంది, తంబీ," అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. అదేం లేదు, ఊరెళ్ళి చూపించుకుంటాను అన్నాను. మర్నాటి నుంచి ఆవిడ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మా ఫ్లాట్ ఉన్న అంతస్తులో లిఫ్టు ఆగదు, కింది అంతస్తులో దిగి మెట్లెక్కాలి. నేను రొప్పుతూ వచ్చేసరికి తలుపు తీసుకుని నిలబడి ఉండేది, ఏమీ అనకుండా గొంతుకేసి చూసేది. ఆ చూపు భరించలేక, ఆ పోరు పడలేక, ఒక సెలవు పెట్టి ఆవిడ వెంట ప్రభుత్వ క్లినిక్‌కి వెళ్ళాను. తెల్లవారగానే వెళ్ళి రెండు కుర్చీల మీద రెండు టిష్యూ ప్యాకెట్లు పడేసి చోప్ చేసింది. ఆ ప్యాకెట్లు ఉన్నంతసేపూ అక్కడెవరూ కూర్చోరు, ఇక్కడ అదే చట్టం. క్లినిక్‌లో రక్తం తీసి, నా మెడ తడిమి, పెద్దాసుపత్రికి పంపించారు.

పెద్దాసుపత్రిలో డాక్టరు చిన్నవయసు చైనీస్ అమ్మాయి. రైలు వేగంతో ఇంగ్లీషు మాట్లాడింది. నేనూ తీసిపోయినవాణ్ణి కాదు, ఇంజనీరింగ్ అంతా ఇంగ్లీషులోనే చదివాను. థైరాయిడ్ ఎన్‌లార్జ్ అయింది, ఓవర్‌యాక్టివ్‌గా ఉంది, కంట్రోల్‌లోకి తేవాలి అంది. ఎస్, ఎస్ అన్నాను. వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగింది. నో అన్నాను. అబద్ధమాడాలని కాదు. ఇంటినుంచి వచ్చినవి కాబట్టి ఆ మాత్రలు నా లెక్కలో పచ్చడి కోవలోకే వచ్చేవి. మందుచీటీ తీసుకుని, థాంక్యూ చెప్పి, లేచి వచ్చేశాను. గదిలో ఓ మూల కూర్చున్న ఆంటీ నా వెనకే వచ్చింది.

బస్ స్టాపులో కూర్చోగానే విచారణ మొదలైంది.

"డాక్టరమ్మ ఏటి సెప్పినాది?"

"థైరాయిడ్ ఓవర్‌యాక్టివ్‌గా ఉందంట ఆంటీ. కంట్రోల్ చేయాలంట."

"తెలుగులో సెప్పు."

నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నవాణ్ణి, నాకు అర్థమైతే చాలదా, మీకెందుకు అనబోయాను. కానీ ఆవిడ కొరకరాని కొయ్య. చెప్పేదాకా బస్సు ఎక్కనివ్వదు. పళ్ళు నూరుకుంటూ చెప్పాను. గొంతు దగ్గర ఒక గ్రంథి ఉంటుంది, అది వాచింది, చేయాల్సిన దానికంటే ఎక్కువ పని చేస్తోంది, అందుకే ఈ దడ, ఈ చెమటలు, ఈ చిక్కిపోవడం అన్నాను.

"మరి రోజూ పొద్దున్నే మింగతన్నావే, ఆ మాత్రేటి సేస్తాది?"

ఆవిడ నిజంగానే తెలియక అడిగింది. నేను చిన్నపిల్లలకు చెప్పినట్టు మొదలుపెట్టాను. ఆ గ్రంథి సరిగ్గా పని చేయకపోతే, దాని బదులు ఆ మాత్ర పని చేస్తుంది ఆంటీ, అంటూ మధ్యలో ఆగిపోయాను. గ్రంథి ఎక్కువ పని చేస్తోంది. మాత్ర కూడా దాని పనే చేస్తోంది. అన్ని వారాలుగా ఈ రెండూ నా బుర్రలో పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ థైరాయిడ్ అనే పేరే కాబట్టి ఒకటే అనుకున్నాను. తెలుగులోకి వచ్చేసరికి రెండూ కొట్టుకున్నాయి. నాకు భయం వేసింది.

ఆవిడ లేచి నిలబడి, పద అంది. మళ్ళీ ఆసుపత్రిలోకి. మీ వంతు అయిపోయిందని నర్సు అడ్డుపడితే, ఆంటీ డాక్టరు గది ముందున్న కుర్చీలో కూలబడింది. పోనీ తర్వాత వద్దాం అని నేను బతిమాలుకున్నాను, సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆవిడ కదిలితేగా! చివరికి నర్సే విసిగిపోయి మమ్మల్ని లోపలికి పంపింది. నేను మాత్రల సంగతి చెప్పాను. అంతటితో లేవబోతుంటే నా ఫోను మాటలన్నీ వినే ఆంటీ తన వచ్చీరాని ఇంగ్లీషులో, ఇతను వచ్చే నెల ఊరెళ్ళి గొంతు కోయించుకుంటాడట, కోయించుకోవచ్చా అని అడిగింది. డాక్టరు కలం కింద పెట్టింది. ఆ మాత్రలు ఈరోజే ఆపేయమంది. ఆపరేషన్ గురించి ఈసారి చాలా నెమ్మదిగా, నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

బయటికొచ్చాక ఆంటీ ఏం అడుగుతుందో నాకు తెలుసు. అడగకముందే చెప్పాను.

"గ్రంథి నెమ్మదించకుండా ఇప్పుడు కోస్తే గుండె అదుపు తప్పుతుంది. బల్ల మీదే చచ్చిపోవచ్చు ఆంటీ."

లోపల డాక్టరు చెప్పినప్పుడు అదొక రిస్కు. మా ప్రాజెక్టులో రోజూ వినే మాటే. నా నోటితో నా భాషలో అన్నాక అది నా చావు. ఇరవై ఏడేళ్ళవాణ్ణి, బస్ స్టాపులో అందరిముందూ కళ్ళు తుడుచుకున్నాను. ఆంటీ ఓదార్చలేదు. చోప్ చేసిన టిష్యూ ప్యాకెట్లలోంచే ఒకటి చింపి చేతికిచ్చింది.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేయాలి. ఆంటీ మాట్లాడితే బాగుండునని నా ఆశ. పెద్దావిడ, ఆవిడ చెబితే అమ్మ వింటుంది. ఆవిడ వంటింట్లో పీట వేసుకుని నెత్తళ్ళ చేపలు బాగుచేస్తూ, తల ఎత్తకుండా, "నీ గొంతు, నీ అమ్మ. మజ్జిన నానెందుకు?" అంది. ఇన్నాళ్ళూ అడక్కుండానే ప్రతిదాంట్లో తలదూర్చిన మనిషి, తీరా అవసరం వచ్చేసరికి తప్పుకుంది. ఆవిడ మీద నాకు ఎప్పుడూ అంత కోపం రాలేదు.

అమ్మ మొదట ఒప్పుకోలేదు. అన్నయ్య డాక్టరు కాదా అంది, అమ్మాయి వాళ్ళకి మాటిచ్చాం అంది, ఆ దేశం వాళ్ళు డబ్బు గుంజడానికి అలాగే చెబుతారంది. నేను ఓవర్‌యాక్టివ్ అంటే ఆవిడకు ఎక్కలేదు. ఆంటీకి చెప్పిన మాటే అమ్మకూ చెప్పాను. ఇప్పుడు కోస్తే చచ్చిపోతానమ్మా అన్నాను. "ముందు ఆ మాత్రలు అవతల పారెయ్, ప్రసాదూ. మిగతావన్నీ నేను చూసుకుంటా," అంది అమ్మ. ఆ సంబంధం తప్పిపోయింది. అబ్బాయికేదో గొంతుజబ్బట అని రేపల్లె దాకా పాకిందట. తర్వాత నన్ను చేసుకున్న మనిషి, విషయం చెప్పగానే, ఇప్పుడు ఎలా ఉంది అని మాత్రమే అడిగింది.

వైద్యం మాత్రం నా ఓర్పును పరీక్షించింది. వాపు ఒక్క పూటలో రాలేదు, ఒక్క పూటలో పోదు అని ఎవరు చెప్పినా నాకు మండేది. మాత్రలు పెంచడం, తగ్గించడం, మళ్ళీ రక్తం. గుండె నెమ్మదించింది, వాపు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. ప్రతిసారీ ఆంటీ వచ్చేది, ప్రతిసారీ బస్ స్టాపులో పాఠం అప్పజెప్పాలి. తెలుగులో ఎక్కడ తడబడితే అక్కడ నాకు అర్థం కానట్టే, వెనక్కి వెళ్ళి అడగాల్సిందే. ఒకసారి వరుసలో కూర్చుని ఉన్నప్పుడు, మీకెందుకు ఆంటీ ఇంత పట్టుదల అని విసుక్కున్నాను. "మీ అంకుల్ బుర్ర ఊపేసీవోడు," అంది. డాక్టరు ఇంగ్లీషులో చెప్పేవాడట, ఈయన ఎస్ ఎస్ అనేవాడట. ఇంటికొచ్చాక డాక్టరేమన్నాడని ఆవిడ అడిగితే, అంతా బాగుందన్నాడు అనేవాడట. ఆయన ఏ జబ్బుతో పోయాడో ఆవిడకు అప్పటికీ తెలియదట. ఇది చెప్పి, బోర్డు మీద మా వంతుది కాని నెంబరు వైపు చూస్తూ కూర్చుంది. నేను మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

ఇక్కడి డాక్టరిచ్చిన మాత్రలు ఆపి చూడగానే గ్రంథి మళ్ళీ చెలరేగింది. దాన్ని అణిచి, నెమ్మదించిందని రక్తం చెప్పాక, ఇక్కడే ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు. మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఆకుపచ్చ నూనె వాసన. ఏటి సెప్పినారు అని అడిగింది. నేను బొంగురు గొంతుతో గుసగుసగా, తెలుగులోనే, అంతా తీసేశారు, ఇక జన్మంతా ఒక మాత్ర మింగాలి అన్నాను. ఆ మాత్ర, ఒకప్పుడు పచ్చడి సీసాతో వచ్చిన ఆ మాత్రే. ఇప్పుడు గ్రంథి లేదు కాబట్టి దాని పని ఇది చేస్తుంది. ఆవిడ ఆలోచించి, సెరి అంది. గ్రంథి పోయింది కదా, కోపం కూడా పోతుందని నేను ఆశపడ్డాను. తర్వాత ఏదో కూరలో ఉప్పు దగ్గర ఎగిరితే, అది గొంతుది కాదు తంబీ, నీదే అని తేల్చేసింది.

ఏళ్ళు గడిచాయి. నాకూ సొంత ఫ్లాట్ వచ్చింది, హౌగాంగ్‌కి రైలు వచ్చింది. ఆంటీ చిక్కిపోతోందని, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి తనకు సెలవు దొరకలేదని ఆవిడ కూతురు ఫోన్ చేసింది. నేను వెళ్ళాను. డాక్టరు స్కాన్ చూపిస్తూ నింపాదిగా, మర్యాదగా, మెత్తని ఇంగ్లీషులో చాలా చెప్పాడు. నరసమ్మ ఆంటీ తల ఊపింది. ఓకే డాక్టర్, థాంక్యూ అంది. చేతిసంచీ తీసుకుని లేచింది.

నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. కూర్చోండి ఆంటీ అన్నాను. "పోనీలే తంబీ. బయట జనం ఉన్నారు," అంది. కూర్చోండి అని గట్టిగానే అన్నాను. ఆవిడ మీద నేను గొంతెత్తడం అదే మొదలు. కూర్చుంది. నేను అడగాల్సినవన్నీ అడిగాను. డాక్టరు ఇంకో రెండు మెత్తని మాటలు వాడితే, వాటికి అర్థం కూడా అడిగాను. ఆయన చెప్పాడు.

బస్ స్టాపులో కూర్చున్నాం. ఆవిడ అడగకపోతే బాగుండునని నేను కోరుకున్నాను.

"ఏటి సెప్పినాడు?"

ఇంగ్లీషు మాటలు నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. "కడుపులో గడ్డ ఆంటీ. కాలేయానికి పాకింది. మందులతో పోదు. నొప్పి లేకుండా చూస్తామన్నారు. ఎక్కువ రోజులు లేవు."

ఆవిడ నా మొహం వైపు చూసింది. ఎప్పట్లా నా గొంతు వైపు కాదు. "సెరి. బాగా సెప్పినావు," అంది. బస్సు వచ్చింది, ఎక్కాం. దారిలో మకాన్ ఏమైనా చేశావా, మొహం పీక్కుపోయింది అని సాధించింది.

ఆవిడ కూతురు కబురు పంపిన రోజు నేను ఆఫీసులో మీటింగ్‌కి వెళ్తున్నాను. ఫోనులో ఇంగ్లీషులో రెండు ముక్కలు, మమ్మీ పాస్డ్ అవే, ప్రసాద్. నేనూ ఇంగ్లీషులో చెప్పాల్సిన రెండు ముక్కలు చెప్పి, మీటింగ్‌లో కూర్చుని, అడిగినవాటికి జవాబులిచ్చి, తల ఊపి బయటికొచ్చాను. లిఫ్టులో ఎవరూ లేరు. పైకే అన్నాను, నరసమ్మ ఆంటీ చచ్చిపోయింది అని. అప్పుడు అర్థమైంది. కింది అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, నేను దిగలేకపోయాను.